కోకో గింజల నాణ్యతకు పరారుణ పరికరం: కోత పరీక్ష మానుకోవచ్చా?

ప్రశ్న: మేము రైతుల సంఘం తరఫున ఎండిన కోకో గింజలు సేకరించి చాక్లెట్ తయారీదారులకు అమ్ముతున్నాం. ప్రతి లాటు నుంచి 300 గింజలు తీసి, నిలువునా కోసి చూడటానికి చాలా సమయం పడుతోంది. పైగా ఒకే పళ్లెం చూసిన ఇద్దరు పరీక్షకులు రెండు రకాల లెక్కలు చెబుతుండటంతో ఇటు రైతులతోనూ అటు కొనుగోలుదారులతోనూ వాదనలు వస్తున్నాయి. చేతిలో ఇమిడే ఎన్‌ఐఆర్ (సమీప పరారుణ కాంతి) పరికరం కొంటే గింజను పగలగొట్టకుండానే తేమ, కొవ్వు, పులిసిన స్థాయి, బూజు విషాలు, రుచి అన్నీ క్షణాల్లో తెలిసిపోతాయని ఒక విక్రేత అంటున్నారు. దాన్ని నమ్మి కోత పరీక్ష మానేయవచ్చా? పొడి చేయకుండా గింజలనే చూపిస్తే సరిపోతుందా? ఆ అంకెలను బట్టి ధర నిర్ణయించవచ్చా?

సమాధానం: పరికరం కొనాలన్న ఆలోచన మంచిదే, కానీ దాని కోసం కోత పరీక్షను వదులుకోవద్దు. మీరు పేర్కొన్న అయిదింటిలో తేమను ఆ పరికరం బాగా చెప్పగలదు. తగిన తరంగదైర్ఘ్యాలు అందుబాటులో ఉండి, క్యాలిబ్రేషన్ (ప్రయోగశాలలో కొలిచిన నమూనాలతో పరికరానికి నేర్పడం) శ్రద్ధగా చేసి ఉంటే కొవ్వునూ చెప్పగలదు. పులిసిన స్థాయిని ఒక అంచనాగా మాత్రమే ఇవ్వగలదు. బూజు విషాలనూ రుచినీ నేరుగా కొలవలేదు. ఒకే పరికరం ఒక విషయంలో నమ్మదగినదై, మరొక విషయంలో ఎందుకు కాకుండా పోతుందో తెలుసుకుంటే, మీ మూడు ప్రశ్నలకే కాక విక్రేత రేపు చెప్పబోయే కొత్త మాటలకు కూడా మీరే జవాబు చెప్పుకోగలుగుతారు. అందుకే కొంచెం మూలాల నుంచి మొదలుపెడతాను.

కంటికి కనిపించే ఎరుపు ముగిసిన చోటు నుంచి, అంటే సుమారు 780 నానోమీటర్ల నుంచి 2500 నానోమీటర్ల వరకు ఉన్న కాంతిని సమీప పరారుణ కాంతి అంటారు. పట్టకం విడదీసిన సూర్యకాంతిలో ఎరుపుకు అవతల, కంటికి ఏ రంగూ కనిపించని చోట ఉంచిన ఉష్ణమాపకం వేడెక్కడాన్ని 1800లో విలియం హెర్షెల్ గమనించడంతో పరారుణ కాంతి ఉనికి బయటపడింది. ఈ కాంతితో ధాన్యంలోని తేమను కొలవవచ్చని చూపించి, దాన్ని వ్యవసాయ రంగంలో పనికివచ్చే సాధనంగా మలచినవారిలో ముఖ్యులు అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన కార్ల్ నోరిస్. పదార్థంలో హైడ్రోజన్‌తో ముడిపడిన ఆక్సిజన్, కార్బన్, నైట్రోజన్ బంధాలు నిరంతరం కంపిస్తుంటాయి, తమ కంపనాలకు సరిపోయే తరంగదైర్ఘ్యాలను ఈ కాంతిలోంచి పీల్చుకుంటాయి. నీరు 1450, 1940 నానోమీటర్ల దగ్గర గట్టిగా పీల్చుకుంటుంది. కొవ్వు ముద్ర 1730, 1760 దగ్గరా, 2310, 2350 దగ్గరా స్పష్టంగా, 1210 దగ్గర బలహీనంగా కనిపిస్తుంది. ప్రొటీన్ల గుర్తులు 2050, 2180 ప్రాంతంలో ఉంటాయి. ఇవేవీ విడివిడి గీతలు కావు. ఒకదాని మీద ఒకటి పరుచుకున్న వెడల్పాటి గుట్టలు. అందువల్ల ఏదో ఒక తరంగదైర్ఘ్యం దగ్గర చూసి అంకె చెప్పడం కుదరదు. వర్ణపటం మొత్తాన్ని గణిత నమూనాలోకి పంపి అంకె రాబట్టాలి.

అసలు విషయం ఇక్కడే ఉంది. పరికరం తేమను కొలవదు, కొవ్వును కొలవదు. గింజల నుంచి తిరిగివచ్చిన కాంతిని మాత్రమే కొలుస్తుంది. ఆ కాంతి తీరుకు ‘7.2 శాతం తేమ’ అన్న అర్థాన్ని ఇచ్చేది, అంతకుముందు ప్రయోగశాలలో పాత పద్ధతిలో కొలిచి దానికి చూపించిన నమూనాలు. తేమకైతే ముతకగా దంచిన గింజలను 103 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో 16 గంటలు ఉంచి బరువు తగ్గుదల చూస్తారు. కొవ్వుకు ద్రావకంతో వెలికితీస్తారు. పాలీఫినాల్స్ (గింజకు చేదు, వగరు ఇచ్చే పదార్థాలు) వంటివాటికి క్రొమటోగ్రఫీ (పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) వాడతారు. ఆ మూల కొలతల్లో తప్పులుంటే పరికరం ఆ తప్పులనే వేగంగా, నమ్మకంగా తిరిగి చెబుతుంది. కనుక మీ సంఘం పెట్టబోయే ఖర్చులో, చేయబోయే శ్రమలో పెద్ద వాటా పరికరానికి కాక, సరైన నమూనా తీయడానికీ మూల కొలతలకూ వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

ఇక కోత పరీక్ష సంగతి. అంతర్జాతీయ కోకో ప్రమాణాల ప్రకారం మొదటి తరగతి గింజల్లో బూజు పట్టినవి 3 శాతానికి, పులియక పలక రంగులో (బూడిద రంగులో) ఉన్నవి 3 శాతానికి, పురుగు తిన్నవి, మొలకెత్తినవి, చదునైనవి అన్నీ కలిపి 3 శాతానికి మించకూడదు. రెండో తరగతిలో ఈ హద్దులు వరుసగా 4, 8, 6 శాతం. ఇవన్నీ గింజల లెక్కలే తప్ప బరువు లెక్కలు కావు, ఏ గింజకు ఆ గింజను విడిగా చూసి చెప్పవలసినవి. 300 గింజల్లో 9 బూజు గింజలుంటే లాటు హద్దు మీద ఉన్నట్టు. అదే 300 గింజలను గిన్నెలో పోసి కాంతి చూపించినప్పుడు తిరిగివచ్చేది అన్ని గింజల సగటు సంకేతం. అందులో ఆ తొమ్మిదింటి లోపలి బూజు ఆనవాలు దాదాపు కలిసిపోతుంది. పైగా చేతి పరికరపు కిటికీ చిన్నది కావడంతో ఒక్కసారికి అది చూసేది ఒకటో కొన్నో గింజలను మాత్రమే. అందుకే ఈ రెండు పనులను వేరు చేసుకోండి: మొత్తం లాటులో సమంగా పరుచుకుని ఉండే తేమ, కొవ్వు వంటి కూర్పు వివరాలకు కాంతి తగినది, కొద్ది గింజల్లోనే దాగి ఉండే బూజు, పురుగు, మొలక వంటి లోపాలకు కత్తి తగినది. గింజలను ఒక్కొక్కటిగా స్కాన్ చేసే యంత్రాలూ, వర్ణపటంతో పాటు చిత్రాన్ని కూడా తీసే కెమెరాలూ ఈ సరిహద్దును కొంత చెరిపివేస్తున్న మాట నిజమే, కానీ మీకు చూపించింది ఆ కోవలోది కాదు.

మీ పరీక్షకుల మధ్య వస్తున్న తేడాలను కూడా ఈ సందర్భంలోనే పరిశీలించాలి, ఎందుకంటే వాటిలో రెండు రకాలున్నాయి. ఒక లాటులో నిజంగా 3 శాతం బూజు గింజలు ఉన్నాయనుకోండి. ఏ పక్షపాతం లేకుండా కలిపి తీసినా, 300 గింజల్లో ప్రతిసారీ కచ్చితంగా 9 రావు. సుమారు నాలుగింట మూడు సార్లు 6 నుంచి 12 మధ్య వస్తాయి, అంటే ఫలితం 2 శాతం నుంచి 4 శాతం దాకా ఊగుతుంది. అప్పుడప్పుడూ 4కు దిగవచ్చు, 15కు ఎగబాకవచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు. తీసిన గింజల సంఖ్య తక్కువ కావడం వల్ల వచ్చే ఊగిసలాట ఇది. హద్దుకు దగ్గరగా వచ్చిన లాటులో మరో 300 గింజలు, వీలైతే ఇంకో 300 కోసి కలిపి లెక్కించడమే దీనికి మందు. రెండో రకం మీరు రాసినది: ఒకే పళ్లెం చూసి ఇద్దరు వేర్వేరుగా చెప్పడం. ఇది తీర్పులో వచ్చే తేడా. సరిగా పులియని గింజ లోపల ఉండే ఊదా రంగు ఎక్కడ ముగిసి, సగం ఊదా సగం గోధుమ ఎక్కడ మొదలవుతుందో ఇద్దరూ ఒకే విధంగా అనుకోకపోవడం వల్ల వస్తుంది. పగటి వెలుతురులోనో, ఎప్పుడూ మారని ఒకే దీపం కిందనో చూడటం, ఇద్దరూ ఒప్పుకున్న నమూనా గింజల ఫొటో పలకను బల్ల మీద ఉంచుకోవడం, ఒక గింజలో రెండు లోపాలుంటే అన్నిటికంటే తీవ్రమైనదాని కిందనే లెక్కించాలన్న నియమాన్ని తప్పక పాటించడం, ప్రతి పళ్లేన్నీ ఫొటో తీసి దాచడం — ఇవన్నీ పరికరం కొనకుండానే రేపటి నుంచి చేయదగినవి. మీ వాదనల్లో చాలా భాగం వీటితోనే తగ్గుతుందనుకుంటున్నాను. పరికరం వచ్చాక కూడా ఈ క్రమశిక్షణ అవసరమే: కోత పరీక్ష ఫలితాన్నే మూల కొలతగా ఇచ్చి క్యాలిబ్రేషన్ చేస్తే, పైన చెప్పిన ఊగిసలాట మొత్తం ఆ గణిత నమూనాలోకి చేరిపోతుంది.

పులిసిన స్థాయి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విక్రేతలు అన్నిటికంటే ఎక్కువ మాట ఇచ్చేది దీని మీదే. కుప్పలోనో పెట్టెలోనో గింజలు పులుస్తున్నప్పుడు గుజ్జులోని చక్కెరలు ముందు ఆల్కహాలుగా, తరువాత అసిటిక్ ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లమూ వేడిమీ కలిసి మొలకను చంపుతాయి, కణాల గోడలు చెదురుతాయి, అంతవరకు వేర్వేరు గదుల్లో ఉన్న పదార్థాలు ఒకటితో ఒకటి కలుస్తాయి. ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లు విచ్ఛిన్నమవుతాయి, ఎపికాటెచిన్ అనే పాలీఫినాల్ ఆక్సీకరణం చెంది తగ్గుతుంది, ప్రొటీన్లు తెగి పెప్టైడ్లు, అమైనో ఆమ్లాలు ఏర్పడతాయి. వేయించినప్పుడు వచ్చే చాక్లెట్ పరిమళానికి ఇవే ముడిసరుకు. ప్రయోగశాలలో దీనికి ‘పులియు సూచిక’ అనే కొలత ఒకటుంది: ఆమ్లం కలిపిన మిథనాల్‌లో గింజల పొడిని నానబెట్టి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతిని 530 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతితో భాగిస్తారు. ఆ నిష్పత్తి 1కి చేరినా దాటినా గింజలు తగినంత పులిసినట్టు లెక్క.

గమనించారా, ఈ రెండు తరంగదైర్ఘ్యాలూ కంటికి కనిపించే కాంతిలోవే. చిన్న చేతి పరికరాల్లో చాలావాటి పరిధి సుమారు 900 నుంచి 1700 నానోమీటర్లు. అవి ఊదా రంగును అసలు చూడవు. పాలీఫినాల్స్, ఆమ్లాలు, ప్రొటీన్లు మారిన జాడలను బట్టి పరోక్షంగా ఊహిస్తాయి. ఆ ఊహ పనికిరానిదని అనడం లేదు. పులియని లాటులను, బాగా పులిసిన లాటులను వేరుచేయడానికి అది ఉపయోగపడుతుంది. కానీ 70 శాతం పులిసిన లాటుకూ 80 శాతం పులిసిన లాటుకూ మధ్య గీత గీయమని దాన్ని అడగడం న్యాయం కాదు. 400 నానోమీటర్ల నుంచి చూసే పరికరమైతే రంగును కూడా కలుపుకుంటుంది కనుక ఈ పనికి మెరుగు. అయినా క్రియోల్లో రకపు గింజల్లో ఊదా రంగు సహజంగానే ఉండదు, కాబట్టి వేరే రకాల మీద నేర్చుకున్న గణిత నమూనా వాటిని పులియకముందే పులిసినవని చెప్పే ప్రమాదం ఉంది. మీ సంఘానికి వచ్చే సరుకులో రకాలు కలిసి ఉంటే ఈ విషయం తప్పక అడగండి.

దీనిలోనే మరో ఉచ్చు ఉంది. క్యాలిబ్రేషన్ కోసం ఒకే కుప్ప నుంచి పులియబెట్టకముందు, 2వ రోజు, 4వ రోజు, 6వ రోజు నమూనాలు తీసి, ఆ రోజుల సంఖ్యనే పులిసిన స్థాయిగా రాసుకోవడం తేలిక, అందుకే చాలామంది అలా చేస్తారు. కానీ ఆరు రోజులు ఉంచినంత మాత్రాన అన్ని కుప్పలూ ఒకే స్థాయికి పులియవు. కుప్ప పరిమాణం, తిప్పిన తీరు, వాతావరణం దాన్ని మారుస్తాయి. పైగా ముందు తీసిన నమూనాలు ఒక రోజు, తరువాతవి మరో రోజు ఎండి ఉంటాయి కనుక, గణిత నమూనా పులియడం బదులు ఎండిన తేడానే నేర్చుకుని కూర్చోవచ్చు. కాగితం మీద ఫలితాలు అద్భుతంగా కనిపిస్తాయి, కొత్త సరుకు రాగానే తడబడతాయి. రోజులను కాక, పులియు సూచికనో ఎపికాటెచిన్ మోతాదునో మూల కొలతగా పెట్టుకోవడమే సరైన దారి.

పొడి చేయకుండా చూపిస్తే సరిపోతుందా అన్న మీ రెండో ప్రశ్నకు సమాధానం ఏమి కొలుస్తున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. సమీప పరారుణ కాంతి గింజలోకి కొద్ది మిల్లీమీటర్లకు మించి పోదు, అది కూడా ముందు పొట్టును దాటాలి. ఎండిన గింజ బరువులో పొట్టు సాధారణంగా 10 నుంచి 15 శాతం ఉంటుంది, దాని మీద ఎండిన గుజ్జు మరకలు వేరుగా ఉంటాయి. కొవ్వు దాదాపు అంతా లోపలి పలుకులోనే, అందులో సగానికి పైగా భాగంగా ఉంటుంది. కనుక పొట్టుతో ఉన్న గింజను చూసి కొవ్వు చెప్పడం బలహీనమైన అంచనాయే. కొవ్వుకు, పాలీఫినాల్స్‌కు పొట్టు తీసి పొడి చేయక తప్పదు. ఆ పొడి చేయడంలోనూ జాగ్రత్త కావాలి: కోకో వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది కాబట్టి గింజలను ముందు బాగా చల్లబరచి, మిక్సర్‌ను కొద్ది కొద్దిగా ఆపుతూ తిప్పాలి, లేకపోతే పొడి బదులు ముద్ద వస్తుంది. రేణువుల పరిమాణం మారితే కాంతి చెదిరే తీరు మారుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే జల్లెడ వాడాలి. ఈ చెదరడం వల్ల వచ్చే తేడాలను గణితంతో చాలావరకు సవరించవచ్చు గానీ, ముద్దనూ పొడినీ ఒకటి చేసే సవరణ ఏదీ లేదు.

తేమను మాత్రం గింజలతోనే చూడవచ్చు, రెండు షరతుల మీద. కళ్లం మీంచి అప్పుడే ఎత్తిన గింజల్లో పొట్టు ఆరిపోయి లోపల తేమ మిగిలి ఉంటుంది. ముసురు పట్టిన రోజుల్లో నిల్వ ఉన్న గింజల్లో దీనికి తలకిందులుగా, పొట్టే ముందు తేమ లాక్కుంటుంది. రెండు సందర్భాల్లోనూ పరికరం పైపొర సంగతే ఎక్కువ చెబుతుంది. నమూనాను గాలి చొరని సంచిలో ఒక రోజు ఉంచితే లోపలి తేమ, బయటి తేమ సర్దుకుంటాయి. రెండోది వేడి: నీటి అణువుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు ఉష్ణోగ్రతతో మారడం వల్ల నీటి గుట్ట కొంచెం పక్కకు జరుగుతుంది. ఎండలోంచి తెచ్చిన వేడి గింజలను చల్లని గదిలో క్యాలిబ్రేట్ చేసిన పరికరానికి చూపిస్తే అంకె తప్పుతుంది. గింజలు గది వేడికి వచ్చాకే చూపించండి, ఒక్కో నమూనాను కలియబెడుతూ కనీసం పది చోట్ల స్కాన్ చేసి సగటు తీసుకోండి.

బూజు విషాల విషయంలో నేను కచ్చితంగా చెప్పదలుచుకున్నాను, ఎందుకంటే ఇది తినేవారి ఆరోగ్యానికి సంబంధించినది. కోకోలో ఆందోళన కలిగించే ఓక్రాటాక్సిన్-ఎ వంటివి వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాల లెక్కన ఉంటాయి. ఎన్‌ఐఆర్ మామూలుగా పట్టుకోగలిగేది వెయ్యిలో ఒక వంతు స్థాయి దాకా. ఆ విషాన్ని అది చూడలేదు. బూజు ఎక్కువగా పట్టిన గింజల సాధారణ లక్షణాలను చూసి ఊహించగలదేమో గానీ, ఆ ఊహ మీద ఆధారపడి ‘విషం లేదు’ అని ఏ పత్రం మీదా రాయకూడదు. కాడ్మియం వంటి లోహాలకు ఈ కాంతిని పీల్చుకునే బంధాలే లేవు, కనుక వాటి సంగతీ అంతే. వీటికి ప్రయోగశాల పరీక్ష తప్ప మార్గం లేదు. రుచికి గింజలు వేయించి, నూరి, ద్రవంగా చేసి అనుభవజ్ఞులు రుచి చూడాలి. పొగ వాసన, బూజు వాసన అతి తక్కువ మోతాదులోనే లాటును పాడుచేస్తాయి.

క్యాలిబ్రేషన్ గురించి ఒకటి రెండు మాటలు. విక్రేత ఇచ్చే సిద్ధంగా ఉన్న గణిత నమూనాతో మొదలుపెట్టవచ్చు, కానీ అది వేరే ప్రాంతపు, వేరే రకపు గింజల మీద తయారైంది కావచ్చు. మీ సొంత సరుకు నుంచి వందకు తగ్గకుండా నమూనాలు, రెండు పంటకాలాలు కలిసేలా, బాగా తడిగా ఉన్నవాటి నుంచి బాగా ఎండినవాటి దాకా చేరేలా కూడబెట్టి ప్రయోగశాల కొలతలతో జతచేయండి. అందులో కొన్ని లాటులను మొదటి నుంచీ పక్కన పెట్టి, చివర్లో పరీక్షించడానికే వాడండి. ఒకే నమూనాకు చేసిన అయిదు స్కాన్లలో మూడింటిని నేర్పడానికీ రెండింటిని పరీక్షకూ వాడితే పరికరం తనకు తెలిసినదాన్నే మళ్లీ చెబుతుంది, ఫలితం మోసం చేస్తుంది. విక్రేతను అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న కూడా ఇదే: పూర్తిగా కొత్త లాటుల మీద, కొత్త పంటకాలంలో మీ పరికరం సగటున ఎంత తప్పుతుంది, అది ఏ యూనిట్లలో? 0.95, 0.98 అంటూ సహసంబంధ అంకెలు చూపిస్తే తృప్తి పడవద్దు. నమూనాల మధ్య సహజంగా ఉన్న వ్యాప్తిని (ప్రామాణిక విచలనాన్ని) ఆ తప్పుతో భాగించమనండి. 2 కంటే తక్కువ వస్తే అది స్థూలమైన ఊహకు మించి పనికిరాదు, 3 దాటితే లాటులను వడగట్టడానికి సరిపోతుంది. తరంగదైర్ఘ్యాల పరిధి ఎంతో, ఎప్పుడూ చూడని సరుకు వచ్చినప్పుడు ‘ఇది నాకు తెలియని నమూనా’ అని పరికరం హెచ్చరిస్తుందో లేదో కూడా అడగండి. ఆ హెచ్చరిక ఇవ్వని పరికరాన్ని నేనైతే కొనను.

ధర విషయానికి వస్తే, పరికరపు తప్పును ముందు ఒప్పుకుని దాని చుట్టూ నియమం కట్టుకోవాలి. తేమ హద్దు 8 శాతం అనుకుందాం, కొత్త లాటుల మీద మీ పరికరం సాధారణ తప్పు 0.4 అని తేలిందనుకుందాం. దాన్ని రెట్టించి, 7.2 కంటే తక్కువ చూపిన లాటును వెంటనే అంగీకరించండి, 8.8 కంటే ఎక్కువ చూపినదాన్ని మళ్లీ ఎండబెట్టమనండి, మధ్యలో పడినవన్నీ ఓవెన్‌కు పంపండి. మరీ 6 శాతం కంటే దిగువకు ఎండితే పొట్టు పెళుసై గింజలు చితుకుతాయి కాబట్టి కింది హద్దుకు కూడా ఇలాంటి నియమమే పెట్టుకోవచ్చు. దీనివల్ల ఓవెన్‌కు వెళ్లే లాటుల సంఖ్య బాగా తగ్గుతుంది, అయినా ఏ రైతూ పరికరం ఊగిసలాట వల్ల నష్టపోడు. పులిసిన స్థాయికి పరికరపు అంకెతో ధర కట్టవద్దు. ఏ లాటును ముందు కోయాలో, ఏ లాటులో 300కు బదులు 600 గింజలు కోయాలో నిర్ణయించడానికి దాన్ని వాడండి, ధరను మాత్రం కోత ఫలితం నిర్ణయించనివ్వండి.

కొనుగోలుదారులతో రాసుకునే ఒప్పందంలో నాలుగు విషయాలు చేర్చించండి: నమూనా ఎన్ని సంచుల నుంచి ఎలా తీయాలి, వివాదం వస్తే చివరి మాట ఏ పరీక్షది, ప్రతి లాటు నుంచి ఇరుపక్షాలూ సంతకం చేసి మూసిన నమూనా ఎన్నాళ్లు దాచాలి, పరికరాన్ని ఎంత తరచుగా ఓవెన్ ఫలితాలతో సరిచూడాలి. చివరిదానికి వారానికి అయిదు లాటులతో మొదలుపెట్టవచ్చు. పరికరపు అంకెలు ఓవెన్ అంకెల కంటే వరుసగా ఒకే వైపుకు జరుగుతున్నట్టు కనిపిస్తే దీపం పాతబడిందో, పంట మారిందో, పరికరాన్ని సరిచూసుకునే తెల్లని ప్రామాణిక పలక మురికి పట్టిందో చూసి, కారణం తేలేవరకు ఆ అంకెల మీద ఏ లాటునూ తిప్పి పంపకండి.